పేరు దొరికేలోపే

పొద్దుగూకేదాకా వాకిట్లో ఆడిన పిల్లాడు. రాత్రి రెండు ముద్దలు తిని నాయనమ్మ పక్కన పడుకున్నాడు. నడిజామున ఒళ్లు పెనంలా కాలింది. ఒకసారి వాంతి, మళ్లీ వాంతి. తల్లి నుదుటి మీద తడిగుడ్డ వేసి కూచుంది. కోడి కూసే వేళకు చేతులు కొంకర్లు పోయాయి, కళ్లు పైకి తేలాయి. పిలిస్తే పలకడం లేదు. ముందు ఊళ్లోని ఆర్‌ఎంపీ, తర్వాత మండల ఆస్పత్రి, అక్కడినుంచి జీపులో కరీంనగర్‌కో, వరంగల్ ఎంజీఎంకో. నిన్న ఇదే వేళకు గోలీలాడిన పిల్లాడు ఇవాళ సెలైన్ సీసా కింద కదలకుండా ఉన్నాడు.

2003 వేసవి చివర, వానాకాలం మొదట్లో ఉమ్మడి కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ఊరు తర్వాత ఊరు ఇదే వరుస చూసింది. ఆస్పత్రికి చేరిన పిల్లల్లో చాలామందికి రెండు రోజుల గడువు కూడా దక్కలేదు. ఆ ఏడాది నాటి ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు పడినట్టు లెక్కకెక్కిన పిల్లలు 329 మంది. వాళ్లలో 183 మంది చనిపోయారు. అంటే నూటికి యాభై అయిదుగురికి పైనే.

కేసుషీటులో ‘రోగ నిర్ధారణ’ అని ఒక గీత ఉంటుంది. ఆ గీత ముందు పెన్ను ఆగిపోయిన రోజులవి. జ్వరం తెలుస్తోంది, ఫిట్స్ తెలుస్తున్నాయి, పిల్లలు చేజారిపోవడం తెలుస్తోంది. జబ్బు పేరే తెలియదు. జనం ‘మెదడువాపు’ అన్నారు. పత్రికలు ‘అంతుచిక్కని జ్వరం’ అన్నాయి.

ఇరవై ఏళ్లు దాటాక మళ్లీ ఆ కథ ఎత్తుకోవడానికి కారణం ఉంది. 2024 వానాకాలంలో గుజరాత్‌లో అదే జబ్బు పిల్లల్ని పట్టుకుంది. ఆ జూన్ మొదటివారం నుంచి ఆగస్టు 15 దాకా దేశంలో 245 మెదడువాపు కేసులు, 82 మరణాలు నమోదయ్యాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వాటిలో పరీక్షల్లో ఖాయంగా తేలినవి 64. మన దగ్గరైతే ఏటా తొలకరి పడగానే ‘ఏజెన్సీలో విషజ్వరాలు’ అన్న శీర్షిక తప్పకుండా వస్తుంది. విషజ్వరం అన్నది ఏ జబ్బుకూ పేరు కాదు. జబ్బు పేరు తెలియనప్పుడు మనం వాడే మాట అది. మలేరియా, డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ అన్నీ ఆ ఒక్క మాటలోనే కలిసిపోతాయి. ఒక్కోదానికి వైద్యం వేరు, ఒక్కోటి సోకే దారి వేరు.

ఏది కాదో తెలిసింది, ఏదో తెలియలేదు

2003లో అందరి అనుమానం ముందు జపనీస్ ఎన్‌సెఫలైటిస్ మీదికే పోయింది. దోమ కాటుతో వచ్చే ఆ మెదడువాపు తెలుగు నేలకు కొత్తది కాదు. పిల్లల నమూనాలు పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థకు వెళ్లాయి. ఫలితాలు ఒక్కొక్కటే వచ్చాయి. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ కాదు. వెస్ట్ నైల్ కాదు. డెంగీ కాదు. తట్టు కాదు. ఆ ఏడాదే ప్రపంచాన్ని సార్స్ వణికించింది కాబట్టి కరోనా వైరస్ కోసమూ వెతికారు, అదీ కాదు.

చివరికి ఆరుగురు పిల్లల నమూనాల్లో ఒక వైరస్ పెరిగింది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెడితే తుపాకీ గుండులా ఒకవైపు మొండిగా, ఒకవైపు గుండ్రంగా ఉంది. ఆ ఆకారంతో కుటుంబం దొరికింది. మిగతా పరీక్షలతో పేరు దొరికింది: చండీపుర. చనిపోయిన ఒక బిడ్డ మెదడు కణజాలంలోనూ అదే కనిపించింది. ఈ పరిశోధన 2004లో ‘లాన్సెట్’ పత్రికలో అచ్చయింది.

నన్ను ఇప్పటికీ కలచివేసేది ఆ పేరు కొత్తది కాకపోవడం. 1965లోనే నాగ్‌పూర్ దగ్గరి చండీపురలో జ్వరం రోగుల రక్తంలో ఈ వైరస్ దొరికింది. ఆ ఊరి పేరే దానికి పెట్టారు. ఆదిలాబాద్ నుంచి జాతీయ రహదారి మీద ఉత్తరంగా వెళితే నాగ్‌పూర్ దాదాపు 200 కిలోమీటర్లు. ఆదిలాబాద్ వాళ్లు పెద్ద జబ్బు చేస్తే హైదరాబాద్ కంటే ముందు తలుచుకునే పట్నం అది. అంటే ఈ వైరస్ మన పొరుగుదే. 38 ఏళ్లుగా పుస్తకాల్లో ఉంది. కాకపోతే మామూలు జ్వరం తెచ్చే ఒక చిన్న వైరస్‌గా, పేజీ అడుగున ఒక పంక్తిగా ఉంది. పసిపిల్లల ప్రాణాలు ఇంతమందివి ఒక్కసారిగా తీయగలదని ఆ పంక్తిలో లేదు. దాన్ని కొత్తగా రాయించింది మన పిల్లల చావులే.

ఈ వైరస్‌ను మోసేది ఇసుక ఈగ. దోమలో మూడో వంతు కూడా ఉండదు, దూరం ఎగరలేదు, గెంతినట్టుగా కదులుతుంది. మట్టిగోడల బీటల్లో, పశువుల కొట్టంలోని తడిలో దాక్కుంటుంది. కరీంనగర్ జిల్లాలోనే పట్టిన ఇసుక ఈగల్లో చండీపుర వైరస్ ఆనవాళ్లు దొరికినట్టు 2005లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. దాంతో జిల్లా పేరు కూడా అంతర్జాతీయ పత్రిక శీర్షికకు ఎక్కింది.

లాన్సెట్ వ్యాసంలో ఇంకో సంగతి ఉంది. ఈ వైరస్‌ను పసిగట్టే యాంటీబాడీలు జబ్బు మొదలై నాలుగు రోజులు దాటాక తీసిన రక్తంలోనే ఎక్కువగా కనిపించాయి. నాలుగు రోజులు! చనిపోయిన పిల్లల్లో ఎక్కువమంది అంతవరకు బతకనే లేదు. పేరు చెప్పే పరీక్ష సిద్ధమయ్యేసరికి పేరు కావలసిన బిడ్డ ఉండేవాడు కాదు. ఇప్పుడు తొలిరోజే వైరస్ జన్యుపదార్థాన్ని పట్టే ఆర్‌టీపీసీఆర్ ఉంది. చండీపురకు టీకా మాత్రం ఇవాళ్టికీ లేదు, దాన్నే చంపే మందూ లేదు. ఫిట్స్ ఆపడం, మెదడు ఒత్తిడి తగ్గించడం, ఊపిరి నిలపడం, అంతే. ఆ అంతలోనే గంటల తేడాతో ప్రాణం నిలిచిన పిల్లలున్నారు. అందుకే పేరు ఎంత తొందరగా తెలిస్తే అంత మేలు.

వాపా? పోటా?

వైరస్ దొరికాక కూడా గొడవ తీరలేదు. ఇది అసలు మెదడువాపేనా అని డాక్టర్ పి.నాగభూషణరావు, ఆయన సహచర పిల్లల వైద్యులు ప్రశ్న లేవనెత్తారు. వాపు అనాలంటే వాపు గుర్తులుండాలి కదా. పిల్లలు కుప్పకూలిన వేగం చూస్తే మెదడు రక్తనాళాల్లో ఏదో దెబ్బ తగిలినట్టుంది, పెద్దవాళ్లకు వచ్చే పక్షవాతం లాంటిది అన్నది వాళ్ల వాదన. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘ఎపిడెమిక్ బ్రెయిన్ అటాక్’. మన మాటల్లో చెప్పాలంటే మెదడుపోటు.

పేరు ఏదైతేనేం, పిల్లాడు పోయాడు కదా అనిపిస్తుంది. కానీ వాపు అంటే వైద్యం ఒక దారిన నడుస్తుంది, పోటు అంటే ఇంకో దారిన. వాపు అంటే ఒక లెక్కలో పడుతుంది, పోటు అంటే మరో లెక్కలో. తర్వాత ‘అక్యూట్ ఎన్‌సెఫలైటిస్ సిండ్రోమ్’ అన్న పెద్ద గొడుగు కిందికి ఇలాంటివన్నీ చేర్చారు. హఠాత్తుగా జ్వరం, దాంతోపాటు స్పృహలో తేడా లేదా కొత్తగా ఫిట్స్ ఉంటే చాలు, కారణం తేలేదాకా ఆ గొడుగు కిందే ఉంచుతారు. ఇది మంచి పద్ధతి అని నా నమ్మకం. తెలియనిదాన్ని తెలిసినట్టు రాయడం కంటే, తెలియదని ఒప్పుకుంటూనే లెక్కలోంచి జారిపోకుండా చూడటం మేలు. చరకుడి కాలం నాటి వైద్యులకూ ఈ ఇబ్బంది ఎరుకే. జబ్బు పేరు చెప్పలేకపోతే వైద్యుడు సిగ్గుపడనక్కర్లేదని, అన్ని రోగాలకూ స్థిరమైన పేర్లుండవని చరక సంహితలోనే ఉంది.

| బాక్స్: అక్షరం, అంకె |

● ప్రపంచంలోని జబ్బులన్నిటినీ అరల్లో సర్దే గ్రంథం ‘ఇంటర్నేషనల్ క్లాసిఫికేషన్ ఆఫ్ డిసీజెస్’. పొట్టిగా ఐసీడీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వహిస్తుంది.

● పదో కూర్పులో ఒక్కో జబ్బుకు ఒక ఇంగ్లిష్ అక్షరం, వెనక అంకెలు. కలరా ఏ00. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ ఏ83.0. ఏ వైరసో తేలని మెదడువాపు ఏ86. ఫాల్సిపారం మలేరియా బీ50. సికిల్ సెల్ డీ57. బొగ్గు గని కార్మికుల ఊపిరితిత్తుల జబ్బు జే60.

● పదకొండో కూర్పును 2019 మేలో ఆమోదించారు. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో సుమారు 17,000 కోడ్‌లు, 1,20,000కు పైగా వైద్య పదాలు ఉన్నాయి.

● ఆయుర్వేద, సిద్ధ, యునాని రోగాల పేర్లకూ కోడ్‌లు ఇచ్చిన భాగాన్ని 2024 జనవరి 10న ఢిల్లీలో విడుదల చేశారు.

చావుల చిట్టాతో మొదలు

రోగాలకు వరుస పెట్టడం మనకు కొత్తేం కాదు. మాధవకరుడి ‘మాధవ నిదానం’ చదవని పాతకాలం వైద్యుడు లేడు. జ్వరంతో మొదలుపెట్టి ఒక్కో రోగానికి కారణం, ముందు గుర్తులు, లక్షణాలు అధ్యాయాలుగా చెప్పుకొచ్చిన గ్రంథం. తెలుగువాళ్ల ‘బసవరాజీయం’ సంస్కృతంతో పాటు తెలుగులోనూ రోగాన్నీ మందునూ చెప్పింది. అవన్నీ మంచం పక్కన కూచున్న వైద్యుడి కోసం రాసినవి. ఎక్కడ ఎంతమంది దేనితో పోతున్నారు అన్న లెక్క వాటి పని కాదు.

ఆ లెక్క పుట్టింది లండన్‌లో. ప్లేగు భయంతో అక్కడ వారం వారం చావుల చిట్టా అచ్చేసేవారు. జాన్ గ్రాంట్ అనే బట్టల వ్యాపారి ఆ చిట్టాలన్నీ ముందేసుకుని 1662లో పుస్తకం రాశాడు. ఇంకో నూట డెబ్బై ఏళ్లు దాటాక విలియం ఫార్ అనే వైద్యుడు అదే దేశపు జనన మరణాల కార్యాలయంలో కూచుని తల పట్టుకున్నాడు. ఒకే జబ్బుకు నాలుగు పేర్లు, ఒకే పేరుతో నాలుగు జబ్బులు! తూకంరాళ్లు ఊరికో తీరుగా ఉంటే బేరం ఎలా కుదరదో, జబ్బు పేర్లు మనిషికో తీరుగా ఉంటే లెక్క అలా కుదరదని ఆయన వాదించాడు. 1893లో షికాగోలో జరిగిన గణాంకవేత్తల సభలో ఫ్రెంచివాడైన జాక్ బెర్టిలాన్ మరణ కారణాల పట్టిక పెట్టాడు. 1948లో ఆరో కూర్పుతో ఆ బాధ్యత ప్రపంచ ఆరోగ్య సంస్థ చేతికి వచ్చింది. ఆ కూర్పు నుంచే చావులతో పాటు జబ్బులనూ లెక్కకెక్కించారు.

తప్పుడు పేర్లు కూడా పట్టికలో స్థిరపడిపోతాయి. మలేరియా అన్న మాటకు అర్థం చెడుగాలి. గాలి కాదు, దోమ అని 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ రుజువు పట్టుకున్నాడు. పేరు మాత్రం మారలేదు. మన ‘చలిజ్వరం’ నయం, కంటికి కనిపించిందే చెప్పింది. ఊళ్ల పేర్లు, జాతుల పేర్లు జబ్బులకు పెట్టవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. చండీపుర వాసులకు ఆ మాట యాభై ఏళ్లు ఆలస్యం.

గుండె ఆగింది... ఎందుకు?

ఆస్పత్రిలో మనిషి పోతే డాక్టరు నింపాల్సిన ఒక కాగితం ఉంది, ఫారం 4. అందులో మొదటి భాగంలో ఎ, బి, సి అని మూడు గీతలు. పై గీత మీద ప్రాణం తీసిన తక్షణ కారణం. దాని కింద, అది దేనివల్ల వచ్చింది. దాని కింద, అదెందుకు వచ్చింది. మెట్లు దిగినట్టు దిగాలి. అట్టడుగు మెట్టు మీద ఉన్నదే అసలు కారణం, లెక్కకెక్కేది అదే. చనిపోయిన తీరు రాయకండి, జబ్బు రాయండి అని ఆ ఫారం మీదే అచ్చేసి ఉంటుంది.

అయినా చాలా ఫారాల మీద ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఒక్క ముక్కే ఉంటుంది. గుండె, ఊపిరి ఆగాయి. ఆగకుండా పోయినవాళ్లెవరు? పాము కరిచినా అదే, పురుగుల మందు తాగినా అదే, కాన్పు తర్వాత నెత్తురు ఆగకపోయినా అదే. ఆ ఒక్క ముక్కతో అసలు కారణం మట్టిలో కలిసిపోతుంది. ఇలాంటి పనికిరాని కారణాలను గణాంకవేత్తలు చెత్త కోడ్‌లు అంటారు. పేరు కటువే గానీ సరైనదే.

దేశం మొత్తం మీద 2020లో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం రాసిచ్చినవి 22.5 శాతమే. మిగతావాళ్లలో చాలామంది ఇంట్లోనో, దారిలోనో, చేను గట్టునో పోయినవాళ్లు. ఉత్తర తెలంగాణ పల్లెలో ‘పానం బాగలేక పోయిండు’ అంటే ఊరికి అర్థమవుతుంది. లెక్కకు అర్థం కాదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టాన్ని 2023లో సవరించి, ఆస్పత్రుల్లో జరిగే ప్రతి మరణానికీ కారణం రాసిచ్చి దాని ప్రతిని ఉచితంగా బంధువుల చేతికివ్వాలన్నారు. ఆ కాగితం అడిగి తీసుకోండి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఇది చెప్పడం కష్టమే. కానీ కొవిడ్ రోజుల్లో ఆ కాగితం ఎంత పనిచేసిందో చూశాం.

2020 మార్చిలో కరీంనగర్ కలెక్టరేట్ చుట్టుపక్కల వీధులకు బారికేడ్లు పడ్డాయి, తెలంగాణలో మొట్టమొదట కట్టడి చేసిన పట్నాల్లో అదొకటి. 2003లో జబ్బు ముందొచ్చి పేరు వెనకొస్తే, ఈసారి పేరే ముందొచ్చింది. ఆ ఫిబ్రవరి 11కే దానికి నామకరణం అయిపోయింది. పరీక్షలో తేలితే యూ07.1, తేలకుండా డాక్టరు అనుమానిస్తే యూ07.2 అని రెండు కోడ్‌లు తెచ్చారు. తర్వాత కేంద్రం మార్గదర్శకాల ప్రకారం కొవిడ్ మృతుల కుటుంబాలకు 50,000 రూపాయల సాయం అన్నప్పుడు, మరణపత్రంలో ఆ పేరు లేని ఇళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. ఆ ఒక్క కారణంతో సాయం నిరాకరించవద్దని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పాల్సి వచ్చింది.

ఎండలో ఒక పేరు, గనిలో ఒక పేరు

రామగుండం, మంచిర్యాల, ఆదిలాబాద్ ఎండల సంగతి మేలో ఒక్క మధ్యాహ్నం గడిపినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఉపాధి పనికి వెళ్లిన మనిషి చెరువు కట్ట మీద కూలిపోతాడు. వడదెబ్బా, గుండెపోటా? ఐసీడీలో వడదెబ్బకు టీ67 అని అర ఉంది. ఊళ్లో ఆ మాట తేల్చాల్సింది మాత్రం తహసీల్దార్, వైద్యాధికారి, ఎస్‌ఐ. వాళ్ల ముందుంచడానికి ఏముంటుంది? ఒంటి వేడి ఎంతో అప్పుడే కొలిచిన థర్మామీటర్ ఉండదు. పోస్టుమార్టం చేయించడానికి ఇంటివాళ్లకు మనసొప్పదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, అంతకు ముందు 50,000గా ఉన్న సాయాన్ని 4 లక్షలకు పెంచింది. ఆ కూలీ పిల్లల చదువు ఇప్పుడు ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. అందుకని నేను కోరేదల్లా ఒకటే: ఎండకు కూలిన మనిషి దొరికిన వెంటనే ఒంటి వేడి కొలిచి, వేళతో సహా కాగితం మీద పెట్టే అలవాటు ప్రతి ఆరోగ్య ఉపకేంద్రంలో రావాలి.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, శ్రీరాంపూర్ బొగ్గు గనుల కాలనీల్లో ఇంకో మాట వినపడుతుంది: ‘అన్‌ఫిట్’. మెడికల్ బోర్డు కార్మికుణ్ని అన్‌ఫిట్ చేస్తే కారుణ్య నియామకం కింద కొడుక్కో కూతురికో ఉద్యోగం. ఏ జబ్బు ఆ జాబితాలో ఉందో, ఏది లేదో బొగ్గు బావుల కుటుంబాలకు డాక్టర్లతో సమానంగా తెలుసు. దమ్ము అన్నది లక్షణం. బొగ్గు దుమ్ముతో వచ్చే న్యుమోకోనియోసిస్ గనుల చట్టం కింద తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బు. రెంటికీ మధ్య ఉన్నది ఛాతీ ఎక్స్‌రే చదివే కన్ను. అది మనిషికో తీరుగా చదవకుండా అంతర్జాతీయ కార్మిక సంస్థ ప్రామాణిక ఎక్స్‌రేలు ఇచ్చింది. కార్మికుడి ఫిల్మును వాటి పక్కన పెట్టి, మచ్చలు ఎంత చిక్కగా ఉన్నాయో పన్నెండు మెట్ల కొలతలో ఎక్కడ ఉందో గుర్తిస్తారు. ముప్పై ఏళ్లు భూమి లోపల గడిపినవాడి బతుకు ఆ వెలుగుపెట్టె మీద ఒక మెట్టు అటో ఇటో తేలుతుంది.

గూడెంలో ఏ పుస్తకం?

ఉట్నూరు, నార్నూరు, కెరమెరి, తిర్యాణి కొండల్లో సమస్య ఇంకో అడుగు వెనకే మొదలవుతుంది. రోగి గోండీలోనో కొలామీలోనో చెబుతాడు. వెంట వచ్చినవాళ్లు దాన్ని తెలుగు చేస్తారు. డాక్టరు మనసులో దాన్ని ఇంగ్లిష్ చేసుకుంటాడు. మూడు గుమ్మాలు దాటేసరికి ‘కీళ్లలో ఎవరో మెలిపెడుతున్నట్టుంది’ అన్నది ‘ఒళ్లునొప్పులు’గా మిగులుతుంది.

సికిల్ సెల్ ఎందరి విషయంలోనో అలాగే దాక్కుంది. ఎర్ర రక్తకణం కొడవలిలా వంగి, సన్నని నాళాల్లో ఇరుక్కుని, ఎముకల్లోకి దిగే నొప్పి పెడుతుంది. పిల్ల కళ్లు పచ్చబడితే పసిరిక మందు, నీరసిస్తే బలం సూది, నొప్పికి నొప్పి బిళ్ల. ఒక్కో లక్షణానికీ ఒక్కో పేరు పెట్టుకుంటూ పోతే అన్నిటికీ మూలమైన జబ్బు కనపడదు. షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లోనే వర్ణించిన జబ్బు. నీలగిరి గిరిజనుల్లో ఉందని 1952లో తెలిసింది. దేశం దీని మీద ప్రత్యేక కార్యక్రమం మొదలుపెట్టింది 2023 జులై 1న, గడువు 2047. పేరు తెలిస్తే హైడ్రాక్సీయూరియా బిళ్ల ఉంది, జ్వరం వచ్చినా ఒంట్లో నీరు తగ్గినా ఏం చేయాలో ముందే చెప్పొచ్చు, పెళ్లికి ముందే రక్తం చూసుకోమనొచ్చు.

పుస్తకాల మాటకొస్తే, గూడెందాకా నడిచి వెళ్లింది వేల కోడ్‌ల గ్రంథం కాదు. మెక్సికో కొండల్లో డేవిడ్ వెర్నర్ పల్లెజనం కోసం రాసినదాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ‘వైద్యుడు లేని చోట’గా తెలుగులోకి తెచ్చింది. జబ్బు పేరుతో కాదు, కంటికి కనిపించే గుర్తులతో, బొమ్మలతో మొదలయ్యే పుస్తకం. కోడ్‌ల గ్రంథం రాజధానికి కావాలి, ఆ పుస్తకం గూడేనికి కావాలి. రెంటినీ కలిపేది మధ్యలో ఉన్న ఆశా కార్యకర్త చేతి రాత.

ఆసిఫాబాద్ అడవిలో వాగు దాటి వచ్చిన ఆశా కార్యకర్త జ్వరం పిల్ల వేలికొస సూదితో గుచ్చి, ఒక చుక్క నెత్తురు కిట్ మీద వేస్తుంది. పావుగంట ఆగాలి. పిల్ల తల్లి ఒడిలో కునుకుతుంటుంది. ఒక గీత వస్తే కిట్ పనిచేస్తోందని అర్థం. పక్కన ఇంకో గీత తేలితే మలేరియా, మందు సంచిలోనే ఉంది. ఇంకో గీత రాలేదు. ఆమె రిజిస్టరు తెరిచి పిల్ల పేరు, వయసు, ఊరు, వేడి ఎంతో రాసింది. జబ్బు గడిలో ‘జ్వరం’ అని రాసి, పక్కన రెండు వేళ్ల జాగా ఖాళీగా వదిలింది. రేపు మళ్లీ వస్తానని, ఫిట్స్ వస్తే మాత్రం పొద్దు చూడకుండా 108కి ఫోన్ చేయమని తల్లికి రెండుసార్లు చెప్పి లేచింది.